బిలోలి బస్సు వెనక కరెంటు కారు

ముప్పై రెండేళ్ళు నాందేడ్ బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడిందో, ఎన్నింటికి కదులుతుందో మైకులో అరిచి చెప్పే ఉద్యోగం. బిలోలి బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, కిన్వట్ మీదుగా సర్ఖని పోయే బస్సు తిరిగి ఎప్పుడు వస్తుందో నిద్రలో లేపి అడిగినా పొల్లు పోకుండా అప్పజెప్పేవాణ్ణి. ఆ ఊళ్ళకు దారి ఎటు అంటే మాత్రం చెప్పలేను. నాకు ఊళ్ళు వరుసగా తెలుసు గాని దిక్కులుగా తెలియవు. దారి సంగతి డ్రైవరు చూసుకుంటాడు, నాకెందుకు అనుకునేవాణ్ణి.

అట్లాంటి మనిషిని, ఉద్యోగం నుంచి దిగిన ఏడాదికి కరెంటు కారు కొన్నాను. ఎందుకు కొన్నారని ఎవరైనా అడిగితే పొగ, కాలుష్యం, రేపటి పిల్లలు అని చెబుతాను. అసలు సంగతి వేరు. ఎదురింటాయన పెట్రోలు కారు కొన్నాడు. ఆయన కంటే ఒక మెట్టు పైన ఉండకపోతే నాకు అన్నం అరిగేట్టు లేదు.

కారుతో పాటు ఒక ఆడగొంతు కూడా వచ్చింది. "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి" అని హిందీలో తియ్యగా చెబుతుంది. ముప్పై రెండేళ్ళు నేను మైకులో చెబితే జనం మూటాముల్లె పట్టుకుని ఉరికారు. ఇప్పుడు అది చెబితే నేను తిరగాలి. మొదటి రోజు నుంచే మా ఇద్దరికీ పడలేదు.

కారు ఇంటికి తెచ్చిన నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం, ముందు భాగం మీద పసుపుతో స్వస్తిక్ గీశాం, కొబ్బరికాయ కొట్టాం. అంతటితో ఆగితే మా ఇల్లు ఎందుకవుతుంది? మా ఆవిడ వాళ్ళ పుట్టింటి పంతులుతో పూజ చేయించి ఒక రాగిరేకు తెచ్చింది. భోజనం పళ్ళెమంత ఉంది. దాని నిండా గీతలు, అక్షరాలు. దాన్ని స్టీరింగు పక్కన, ముందు అద్దం కింద, పరిచినట్టుగా పెట్టి గట్టి టేపుతో అతికించి పసుపూ కుంకుమా అద్దింది.

"గింత పెద్దదెందుకు?" అన్నాను.

"బండి నడిపేది నువ్వు గద. చిన్నదైతే ఏం సరిపోతది?" అంది.

కారు కొన్నాక మొదట గుర్తొచ్చింది మా అక్క. ప్రేమ కొద్దీ అని రాసుకుంటే నాకు బాగుంటుంది గాని, నిజం కాదు. చూపించుకుందామని. అక్కను నర్సి దాటాక బిలోలి రోడ్డు మీద వచ్చే ఒక ఊరికి ఇచ్చారు. రోడ్డు మీద ఫాటా, అంటే ఊళ్ళోకి తిరిగే మలుపు ఉంటుంది. అక్కణ్ణుంచి కిలోమీటరు లోపలికి పోతే ఊరు. అమ్మ బతికున్నన్నాళ్ళూ మూడేళ్ళకోసారి అక్కను పిలిపించి ఒడిబియ్యం పోసేది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ అన్నీ కొత్తచీర కట్టుకున్న ఆడబిడ్డ ఒళ్ళో పోయడం మా వాళ్ళలో పెద్ద ముచ్చట. ఆ బియ్యం అత్తింటికి తీసుకుపోయి వండి, వాడకట్టును పిలిచి పెడితే ఆ మనిషికి పుట్టిల్లు ఇంకా ఉన్నట్టు. అది అడిగి పోయించుకునేది కాదు. పుట్టింటివాళ్ళే పిలవాలి.

అమ్మ పోయి పన్నెండేళ్ళు దాటింది. తర్వాత పిలవాల్సింది నేను. ప్రతిసారీ ఏదో ఒక రద్దీ అడ్డం వచ్చేది. పెళ్ళిళ్ళ రద్దీ, పండుగల రద్దీ, పరీక్షల రద్దీ. నేను లేకపోతే బస్సులు కదలవని నాకొక నమ్మకం. "సెలవు దొరకలే అక్కా" అని ఫోన్లో అనేవాణ్ణి. "ఏం గాదు తమ్మీ, మల్ల సూద్దాం" అనేది. రాఖీ కూడా బిలోలి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది. నేను క్యాబిన్లో కూర్చుని పంటితో దారం పట్టుకుని కట్టుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళలోనో చావుల దగ్గరో కలిస్తే కలిసినట్టు. అక్క ఇంటికి మొత్తం మీద మూడుసార్లు పోయి ఉంటాను. మూడుసార్లూ నలుగురితో కలిసి టెంపోలో, నిద్రపోతూ.

కారు పూజ అయిన మర్నాడు ఫోన్ చేశాను.

"అక్కా, కారు కొన్న. అచ్చే గురువారం నేనే అచ్చి నిన్ను తీస్కపోత. ఒడిబియ్యం పోస్తం."

అక్క గొంతు ఒక్కసారిగా లేచింది.

"నిజంగనా తమ్మీ? నువ్వే అస్తవా?"

"నేనే. పదింటికి మీ వాకిట్ల ఉంట."

"పదంటే పదే గద? వాడకట్టుకంత జెప్పుకుంట మల్ల. మా తోటికోడలు ముప్పై ఏండ్ల సంది నా మొకమే సూస్తున్నది. నీ పుట్టింటోళ్ళు నిన్ను తీస్కపోను ఇంటిముంగటికి అచ్చుడు నేనైతే సూడలే అంటది. నా మాట పోనియ్యకు తమ్మీ."

"పదంటే పది," అన్నాను. టైము విషయంలో నాకంత ధీమా. నేను కంట్రోలర్‌ని.

గురువారానికి ఇంకా ఎనిమిది రోజులుంది. అభ్యాసం కోసం సాయంత్రం కారు తీస్తే, ఇంటిముందు నిలబడి ఉన్న కారును మ్యాపు గోదావరి నడిమధ్యలో చూపించింది. నీలంరంగు నీళ్ళలో ఒక చిన్న బాణం గుర్తు. అది నేను. వీధి చివరిదాకా పోయి చూశాను. బాణం నీళ్ళలోనే ఇటు తిరిగింది, అటు తిరిగింది. తర్వాత ఒక్క గంతు వేసి కారు కొన్న షోరూములో వాలింది, మరుక్షణం మళ్ళీ నీళ్ళలోకే దూకింది.

ఎదురింటాయన వంగి అద్దంలోంచి చూశాడు. "క్యా సాబ్, గాడీ లియే కీ నావ్ లియే?" అన్నాడు, కొన్నది బండా పడవా అని. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి అని పదిహేను నిమిషాలు నొక్కించుకున్నాక ఒక మనిషి దొరికాడు. స్విచ్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశారా అన్నాడు. చేశానన్నాను. ఇంకోసారి చేయండన్నాడు. చేశాను. ఆకాశం కనబడేచోట నిలబెట్టండన్నాడు. నాందేడ్‌లో ఆకాశానికి కరువా? మైదానంలోకి తీసుకుపోయి నిలబెట్టాను. ఎండలో అరగంట కూర్చున్నాను. నేను నల్లబడ్డాను గాని బాణం నీళ్ళలోంచి బయటికి రాలేదు. అప్పుడు రెండు మీటలు కలిపి పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమన్నాడు. నొక్కి పట్టుకున్నాను. సీటు వెనక్కి జరిగింది, పాటలు పోయాయి, నేను కష్టపడి దాచుకున్న ఇంటి చిరునామా పోయింది. గోదావరి మాత్రం అక్కడే ఉంది.

సర్వీసు సెంటరుకు తీసుకుపోయాను. అక్కడి ఇంజనీరు నా వయసువాడే, నిదానస్థుడు. సాఫ్ట్‌వేర్ పాతదైందన్నాడు. నాలుగు రోజుల కిందట కొన్న కారులో పాతదెట్లా అయిందని అడిగితే, ఈ రోజుల్లో అన్నీ తొందరగా పాతవైపోతాయని వేదాంతం చెప్పాడు. మూడు గంటలు ఏదో ఎక్కించారు. సర్వీసుకు వచ్చిన కారును కడగకుండా పంపరు కాబట్టి లోపలా బయటా కడిగారు. కడిగేవాళ్ళు మంచి భక్తులు. రాగిరేకును చెప్పులు విడిచి ఊడదీసి, కొత్త గుడ్డలో చుట్టి, ముందు అరలో పెట్టారు. ఇంటిదాకా బాణం నాతోపాటు వీధి వీధీ బుద్ధిగా నడిచింది. ఇల్లు చేరాక మా ఆవిడ రేకును అరలో చూసి, దేవుణ్ణి చీకట్లో పెడతారా అని వాళ్ళను తిట్టి, మళ్ళీ అతికించింది. మర్నాడు పొద్దున కారు గోదావరిలో ఉంది.

మళ్ళీ పోయాను. మళ్ళీ కడిగారు, రేకు తీసి అరలో పెట్టారు, బండి నడిపి చూశారు. కాగితం మీద "లోపమేమీ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నారు.

"మీ దగ్గర లోపం కనబడది. నా దగ్గర కారే కనబడది," అని గొంతు పెంచాను. "నాందేడ్ల సిగ్నల్ తక్కువనా ఏంది?"

"సాహెబ్, శాటిలైట్ అందరికీ ఒక్కటే," అన్నాడు ఇంజనీరు శాంతంగా. తప్పు శాటిలైటుది కాదు, కారుది కాదు అంటే ఇక మిగిలింది నేనే. అందుకని ఇంకా గట్టిగా అరిచి వచ్చాను.

ఇంట్లో మా ఆవిడ నిర్ణయం వేరు. ఇదంతా ఎదురింటివాళ్ళ దిష్టి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టు, ఆ రాగిరేకును పంతులు దగ్గరికి తీసుకుపోయి ఇంకోసారి పూజ చేయించి, ఈసారి కదలకుండా నాలుగు వైపులా టేపు వేసింది. ఇన్ని జరిగినా, రేకు అరలో ఉన్నప్పుడు దారి కనబడుతుందని, అద్దం కింద ఉన్నప్పుడు కనబడదని నాకు గాని ఆమెకు గాని తట్టలేదు. మా ఇంట్లో దేవుణ్ణి అనుమానించే అలవాటు లేదు. మనుషులంతా అయిపోయాక కూడా దేవుడి వంతు రాదు.

గురువారం పొద్దున ఏడింటికి బయలుదేరాను. ఒడిబియ్యం ఏర్పాట్లు చేయాలని మా ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. ఎనభై కిలోమీటర్ల లోపు దారికి మూడు గంటలు చేతిలో ఉన్నాయి. గోదావరి వంతెన ఎక్కినప్పుడు బాణం నీళ్ళ మీదే ఉంది. వెళ్ళేదారి మొత్తంలో ఆ ఒక్క నిమిషమే నేనూ మ్యాపూ ఒకేచోట ఉన్నాం. దాన్ని శుభశకునం అనుకున్నాను.

కృష్ణూర్ దాకా రోడ్డు సూటిగానే ఉంది. అది దాటాక ఆడగొంతు ఉన్నట్టుండి నిద్ర లేచి కుడికి తిరగమంది. కుడివైపు మట్టిదారి. ఎడ్లబండి పట్టేంత ఉంది. నాకు అనుమానం రాకపోలేదు. కాని ముప్పై రెండేళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే, మైకులో వచ్చిన మాటకు ఎదురు చెప్పగూడదని. తిరిగాను. ఇంకో రెండుసార్లు తిప్పింది. చివరికి సోయాబీన్ చేను మధ్యలో గట్టు అడ్డం వచ్చి కారు ఆగింది. చేనులో కలుపు తీస్తున్న ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఎక్కడికి పోవాలె కాకా?"

"బిలోలి రోడ్డుకు. మ్యాపు ఇటే చూపించింది."

"గిది మా సేను. మీ మ్యాపును ఒకపారి గట్టు మీద నడ్వుమనుండ్రి, సూస్త," అంది. తర్వాత జాలిపడి, వెనక్కి ఎట్లా పోవాలో చెప్పింది. చింతచెట్టు దగ్గర ఎడమ, బోరింగు దగ్గర కుడి. నేను తల ఊపాను గాని సగం వినలేదు. మైకు పట్టిన మనిషి చేనులో నిలబడి దారి అడగడమేమిటని లోపల ఒకటే ఉక్రోషం. అందువల్ల బోరింగు దగ్గర ఎడమకు తిరిగి ఇంకో చేను చూశాను.

మళ్ళీ పెద్దరోడ్డు ఎక్కేసరికి పది దాటింది. రోడ్డు వెడల్పు చేశాక పాత గుర్తులన్నీ పోయాయి. నాయగావ్ తర్వాత నర్సి అని నాకు తెలుసు. నాయగావ్ వచ్చి పోయిందా, ఇంకా రావాలా అన్నది తెలియలేదు. బ్యాటరీ అనుకున్నదానికంటే తొందరగా దిగుతోంది. దగ్గర్లో చార్జింగు ఎక్కడుందని మీట నొక్కితే, సున్నా కిలోమీటర్లు, మీ పక్కనే ఉంది అని చూపించింది. దాని దృష్టిలో మేమప్పుడు మళ్ళీ షోరూములో ఉన్నాం. ఏసీ ఆపేసి అద్దాలు దించాను.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, యాడిదాక అచ్చినవ్?"

"దగ్గరికే అచ్చిన అక్కా."

"ఏ ఊరు?"

నోటికొచ్చిన ఊరిపేరు చెప్పాను. వరుస తెలిసిన మనిషినేమో, అబద్ధం కూడా టైముకు సరిపోయేట్టు చెప్పాను.

పదిన్నరకు మళ్ళీ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "మా తోటికోడలు వాకిట్ల కుర్చీ ఏస్కొని కూసున్నది తమ్మీ. నాలుగిండ్లోళ్ళు గూడ అచ్చిండ్రు. చాయ్ మీద చాయ్ పోస్తున్న. ఇంకెంతసేపు?"

"పది నిమిషాలు."

తర్వాత అక్క ఫోన్ రాలేదు. ఎక్కడున్నావని అడగడం కూడా మానేసింది. అరవై దాటిన మనిషి, కొత్తచీర కట్టుకుని, పక్కింటివాళ్ళ ముందు వాకిట్లో నిలబడి ఉంటుంది. నేను నా సొంత అక్క ఇల్లు ఎటుందో తెలియక రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాను. అప్పుడే ఆడగొంతు "మీరు గమ్యం చేరుకున్నారు" అంది. దాని మీద అరిచాను. కారులో నేనొక్కణ్ణే ఉన్నాను గనుక సరిపోయింది.

అద్దంలో ఒక ఎర్రబస్సు కనబడింది. పక్కనుంచి దాటిపోతుంటే బోర్డు చదివాను. నాందేడ్ నుంచి బిలోలి. ఆ టైముకు అక్కడ ఉండాల్సింది ఎనిమిదిన్నర బస్సు. ఏడింటికి కారులో బయలుదేరిన నన్ను, ఎనిమిదిన్నరకు బయలుదేరి ప్రతి ఊళ్ళో ఆగుతూ వచ్చిన బస్సు దాటిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డదంటే ఎప్పుడూ నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. కారు తీసి బస్సు వెనక పట్టుకున్నాను.

బస్సు ఆగినచోటల్లా నేనూ ఆగాను. ఒకచోట ఒక ముసలామె నా కారు వెనక తలుపు తీసి సంచి లోపల పెట్టింది. "బిలోలి పోతదా?" అని అడిగింది. నేను వద్దనడానికి బదులు, అలవాటు కొద్దీ, బిలోలి బస్సు ముందున్నదని, నర్సిలో ఐదు నిమిషాలు ఆగుతుందని పూర్తి ప్రకటన చేశాను. ఆమె భయపడి సంచి తీసుకుని బస్సు వైపు ఉరికింది.

నర్సిలో కండక్టరు దిగి వెనక్కి వచ్చాడు. నన్ను చూసి బిగుసుకుపోయాడు. రెండు నిమిషాలు లేటైతే బస్టాండంతా వినేట్టు నేను మైకులో పరువు తీసిన వాళ్ళలో అతనొకడు.

"సాహెబ్, మీరా? ఎవలో ఇందాకటి సంది మా ఎనక పడ్డరని డ్రైవరు పరేషాన్ అయితున్నడు. దారి తప్పిండ్రా?"

"దారి తప్పుడేంది? బస్సు టైముకు నడుస్తున్నదా లేదా అని సూస్తున్న," అన్నాను.

"రిటైరైనంక గూడనా?" అన్నాడు. కాని పాత భయం పోలేదనుకుంటాను, వాచీ చూసుకుని గబగబా సీటీ ఊదాడు. బస్సు ఒక నిమిషం ముందే కదిలింది.

అక్క వాళ్ళ ఫాటా దగ్గర బస్సు ఆగేసరికి పదకొండున్నర దాటింది. రోడ్డు అవతల నాందేడ్ పోయే బస్సు నిలబడి ఉంది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, చేతిలో సంచితో, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక మనిషి ఎక్కుతోంది. వీపు చూస్తే అమ్మే అనిపించింది. మరుక్షణం తెలిసింది, అక్క.

కారు ఆపి దిగి పరుగెత్తాను. "అక్కా" అని అరిచాను. మధ్యలో ఒక లారీ, తర్వాత రెండు ట్రాక్టర్లు. నా కేక వాటి కింద పడిపోయింది. అవతల సీటీ మోగింది, బస్సు కదిలింది. ఇక లాభం లేదని కడుపులోంచి పాతగొంతు తీసి, బస్సును ఆగమని మరాఠీలో అరిచాను.

"నాందేడ్ గాడీ, థాంబా! కంట్రోలర్ బోల్తోయ్!"

అవతలి బస్సు కీచుమని ఆగింది. నా వెనక బిలోలి బస్సు కూడా, కదలబోతున్నదల్లా, ఆగిపోయింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. డ్రైవరు చూడకముందే అక్క తల తిప్పి చూసింది.

దిగి రోడ్డు దాటి వచ్చింది. "తమ్మీ, నడుస్కుంట అచ్చినవా?"

"కారు అగో, అక్కా."

"సప్పుడే లేకపాయె," అంది కారు చుట్టూ తిరిగి చూసి.

"నువ్వు బస్సెందుకెక్కినవ్?"

"ఏం జెయ్యాలె మరి? కారు పెద్దదంట, మన గల్లీల పట్టదంట, తమ్ముడు ఫాటా మీద నిలబడ్డడు అని జెప్పి సంచి పట్టుకొని బయటపడ్డ. మాట పోవద్దు గద. నువ్వు రాకుంటె నాందేడ్ దాంక పోయి పొద్దుమీకి మల్ల అచ్చేదాన్ని."

నా పరువు కాపాడటానికి అంత సిద్ధంగా అబద్ధం చెప్పిన మనిషి చేతిలోంచి సంచి అందుకున్నాను. కారు ఎక్కించాను. నాందేడ్ వైపు తిప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఇటు కాదు. ఊర్లెకు పోనియ్. మా ఇంటిముంగట ఆపు."

"గల్లీల పట్టదని చెప్పినవ్ గద?"

"పట్టిందని చెప్త. నువ్వు పోనియ్."

గల్లీలో కారు బ్రహ్మాండంగా పట్టింది. కాని అది కరెంటు కారు. ఇంటిముందు ఆగినా ఒక్కరూ తల ఎత్తలేదు. తోటికోడలు కుర్చీలోనే కూర్చుని అటువైపు తిరిగి చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అక్క ఒక్క క్షణం చూసి, నా మీదుగా చెయ్యి చాపి హారన్ మీద పెట్టింది. తీయలేదు. గల్లీ గల్లీ అంతా వాకిళ్ళలోకి వచ్చేదాకా తీయలేదు. తర్వాత నిదానంగా దిగి, మర్చిపోయిన వస్తువేదో తెచ్చుకోవడానికి వచ్చినట్టు లోపలికి పోయి, ఏమీ తీసుకోకుండానే బయటికి వచ్చింది.

"నా తమ్ముడు. గల్లీల పట్టదేమో అనుకున్నం, పట్టింది," అంది అందరితో. తోటికోడలు లేచి నాకు నీళ్ళు తెచ్చిచ్చింది. అక్క ముఖంలో ఆ వెలుగు చూసి, ఇంత చిన్న పనికి పన్నెండేళ్ళు పట్టిందా నాకు అని సిగ్గుపడ్డాను.

తిరుగుదారిలో అక్క ముందుసీట్లో కూర్చుంది. రాగిరేకును చూసి, కళ్ళకద్దుకుందామని రెండు చేతులతో పట్టుకుని లాగింది. నాలుగు వైపులా ఉన్న టేపు చర్రున ఊడి రేకు ఆమె చేతుల్లోకి వచ్చింది. మ్యాపులో బాణం గోదావరిలోంచి ఒక్క గంతు వేసి బిలోలి రోడ్డు మీద, మేమున్నచోటే నిలబడింది. "సూటిగా వెళ్ళండి" అంది ఆడగొంతు.

"గీమె ఎవలు?" అంది అక్క ఉలిక్కిపడి.

"దారి చెప్పేటామె."

"మరి ఇందాకటి సంది ఏం జేసింది?"

"నువ్వు పట్టుకున్నవు గద, గా రేకు కింద ఉండె," అన్నాను. అప్పటికి నాకు అంతా అర్థమైంది. సిగ్నలు అందుకునే సామాను డాష్‌బోర్డు కిందే ఉంటుందని ఇంజనీరు మొదటి రోజే చెప్పాడు. రాగిరేకు సరిగ్గా దాని మీద మూతలా కూర్చుంది. ఆయన రెండుసార్లు మూడేసి గంటలు, నేను మైదానంలో అరగంట ఎండ, కాల్ సెంటరు మనిషి పది అంకెలు, ఇన్ని చేసినా కానిది అక్క దండం పెట్టుకుంటే అయిపోయింది. ఆమె రేకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మళ్ళీ అతికించనివ్వలేదు.

నాందేడ్ దాకా ఆడగొంతు చెప్పిన ప్రతి మలుపూ అక్క దానికంటే ముందే చెప్పింది. "మెల్లగ, ముంగట గుంత ఉన్నది," "గీడ బడి పోరగాళ్ళు అడ్డమస్తరు," "ఇగో, నాయగావ్." అడుగడుగూ ఎరుకే.

"ఇంత దారి ఎట్ల ఎర్క అక్కా?"

"బస్సు కిటికీల నుంచి సూస్త గద," అని మాట మార్చేసింది.

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మా ఆవిడ చాపేసి అన్నీ సిద్ధం చేసి ఉంది. అక్కను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, కొంగు పట్టించి, మా ఆవిడా నేనూ దోసిళ్ళతో బియ్యం పోశాం. అమ్మ పోసినట్టు పోయడం నాకు రాలేదు. సగం చాప మీద పడ్డాయి. అక్క నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు మసకబారాయి.

ఒడి నిండాక, ఆడబిడ్డ దాంట్లోంచి పిడికెడు బియ్యం పుట్టింట్లో విడవాలి. ఇంటి సిరి ఆమె వెంట మొత్తం పోకుండా అట్లా చేస్తారు. అక్క లేచి దేవుడి అర ముందు పిడికెడు పోసి, "ఈసారి ఇంట్లనే ఇడుస్తున్న. మంచిగున్నది," అంది.

"ఈసారి ఏంది వదినె? ఎప్పుడు యాడ ఇడిసినవ్?" అంది మా ఆవిడ.

అక్క మళ్ళీ చాప మీద కూర్చుంది. తర్వాత పెద్ద విషయం కానట్టే చెప్పింది.

"మీరు పిలువలేదని మూడో ఏడు ఆగుతదా? తమ్ముడు పిలిచిండని జెప్పి బస్సెక్కేదాన్ని. ఈడ బజార్ల చీర, కుడుకలు, పోకలు కొనుక్కొని, బస్టాండ్ల బల్ల మీద కూసొని నా ఒళ్ళె నేనే పోసుకునేదాన్ని. మైకుల తమ్ముని గొంతు ఇనబడుతుండె. పుట్టింటోళ్ళు పక్కకున్నట్టే ఉండె. అవి తీస్కపోయి వండి వాడకట్టుకు పెట్టిన. పోయినేడు తమ్ముడు రిటైరైండు గద, గా గొంతు లేదు. ఇగ మీదికెళ్ళి ఎట్లనో అనుకున్న. గంతల నీ ఫోన్ అచ్చింది తమ్మీ."

"గంత దూరం అచ్చి క్యాబిన్లకు ఎందుకు రాకపోతివి అక్కా?"

"పిలువంది ఎట్ల అస్త? కానీ పిడికెడు ఇడ్వకుంటె మీ ఇంటికి మంచిగ కాదు గద. గందుకే నీ క్యాబిన్ మెట్టు మీద పిడికెడు పోసి, బిలోలి బస్సెక్కి కూసునేదాన్ని."

ఆ మెట్టు నాకు గుర్తుంది. ఆ పసుపు బియ్యం కూడా గుర్తున్నాయి. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మైకు అందుకుని, మెట్టు మీద బియ్యం పారబోసిందెవరు, మీ ఇంట్లో బుద్ధి చెప్పేవాళ్ళు లేరా అని బస్టాండంతా మారుమోగేట్టు తిట్టాను. ఆ తర్వాతే బిలోలి బస్సు కదలవచ్చని చెప్పేవాణ్ణి.

"నేను తిట్టింది ఇన్నవా అక్కా?" అని అడిగాను.

"ఇన్న తమ్మీ," అంది అక్క, కొంగులో బియ్యం సర్దుకుంటూ. "లేరు బిడ్డా, అమ్మ పోయింది గద అని మనసుల్నే అనుకున్న."